ఉప్పు, మంచు, నాలుగు జోళ్ళు

కిందటి జనవరిలో ఒక ఆదివారం పొద్దున్న, మిన్నియాపొలిస్‌లో మా ఇంటి గుమ్మం దగ్గర చతికిలబడి కుక్కకి బూట్లు తొడుగుతున్నాను. ఫోను గోడకి ఆనించి ఉంది. అటు నిమ్మాడలో అప్పటికి రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ కాసేపు చూసి, “ఓలమ్మ, కుక్కకి జోళ్ళేట్రా! మీ తాతకే నేవు గదా,” అంది.

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ఫోను పెట్టేశాక ఆ మాట నాతోపాటు నడకకి వచ్చింది. అమ్మ అన్నది పూర్తిగా నిజం కాదు. తాతకి ఒక జత ఉండేది. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు చేత్తో పట్టుకెళ్ళి, ఆ ఊరి పొలిమేరలో కాళ్ళు కడుక్కుని తొడుక్కునేవాడు. మిగతా రోజుల్లో ఉత్తికాళ్ళే. ‘ఇక్కడ చలి ఎక్కువమ్మా’ అని ఆవిడకి చెప్పేయొచ్చు. చెప్పాను కూడా. తర్వాత కుతూహలం కొద్దీ కుక్క బూట్ల చరిత్ర చదువుతూ పోతే, నేను చెప్పింది సగం కూడా నిజం కాదని తెలిసింది.

మా కుక్క పేరు జీడి. వేయించిన జీడిపప్పు రంగు. ఉద్దానం వాడి ఇంట్లో పెరుగుతోంది కాబట్టి ఆ పేరు తప్పలేదు. దానికి పరుగు పిచ్చి. చలికాలమైనా రోజుకి రెండుసార్లు బయటికి వెళ్ళి తీరాలి.

కుక్క పాదం చలిని తట్టుకునేలాగే తయారైంది. జపాన్‌లో హిరోయోషి నినోమియా బృందం 2011లో కుక్క పాదాల రక్తనాళాలని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించింది. వెచ్చని రక్తం తెచ్చే ధమనుల చుట్టూ సిరలు వలలా అల్లుకుని ఉంటాయి. పాదం నుంచి వెనక్కి పోయే చల్లని రక్తం ఆ వేడిని అందుకుని, ఒంట్లోకి వెచ్చగా చేరుతుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి హీట్ ఎక్స్ఛేంజర్ అంటే చాలు, అర్థమైపోతుంది. ముసలి కుక్కలకీ, పిల్లలకీ, పొట్టి వెంట్రుకలవాటికీ ఈ ఏర్పాటు సరిపోకపోవచ్చు. ఎంత గట్టి కుక్కకైనా ఒక హద్దుంటుంది. కానీ మామూలు చలిలో, ఆరోగ్యంగా ఉన్న కుక్క మంచులో నడవడానికి బూట్లు అవసరమయ్యేది ముఖ్యంగా చలి వల్ల కాదు. గీసుకునే గట్టి మంచు వల్ల, వేళ్ళ సందుల్లో వెంట్రుకలకి ఉండలు కట్టే మెత్తటి మంచు వల్ల, ఊళ్ళలోనైతే ఉప్పు వల్ల.

మన సాహిత్యంలో మంచులో నడిచిన కుక్క ఒకటి ఉంది. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట హిమాలయాలు ఎక్కిన కుక్క. భారతకథ జనమేజయుడి యాగశాలలో దెబ్బలు తిన్న సరమ కొడుకుతో మొదలై, దాదాపు ఈ కుక్కతో ముగుస్తుంది. ఇన్ని శతాబ్దాలుగా మనకి గుర్తుండిపోయింది, కుక్కని వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు పట్టుదల. అంత దూరం నడిచిన దాని పాదాలు ఎలా ఉన్నాయో మనం అడిగినట్టు లేదు. దారిలో పడిపోయినవాళ్ళ లెక్కే మనకి ముఖ్యం అయింది.

ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు. మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయస్ 1883-84లో బాఫిన్ దీవిలో వాళ్ళ మధ్య ఉండి, చూసినవన్నీ 1888లో అచ్చువేశాడు. బండి లాగే కుక్కలకి తోలుతో చిన్న సంచుల్లాంటి జోళ్ళు కుట్టే అలవాటు వాళ్ళది. అవి వాడేది నడి చలికాలంలో కాదు, వసంతంలో. పగలు కరిగి రాత్రి మళ్ళీ గడ్డకట్టిన మంచు అంచులు సూదుల్లా తేలినప్పుడు. ఆ జోళ్ళలో నాకు బాగా నచ్చింది ఒక చిన్న సంగతి: గోళ్ళు బయటికి రావడానికి వాటికి కన్నాలు ఉంటాయి. గోరు మూసేస్తే కుక్క జారిపోతుంది. పాదాన్ని కాపాడాలి, పట్టు పోకూడదు. ఇవాళ్టికీ కుక్క బూటు తయారుచేసే ఎవరికైనా అసలు చిక్కు ఇదే. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ జంట భవనాల శిథిలాల మీద మనుషుల్ని వెతికిన కుక్కల్లో ఎక్కువ భాగం బూట్లు లేకుండానే పనిచేశాయి. వంకర ఇనుము మీద నిలబడడానికి వాటికి గోళ్ళు కావాలి మరి.

జాక్ లండన్ 1903లో రాసిన ‘ది కాల్ ఆఫ్ ది వైల్డ్’ చదివినవాళ్ళకి బక్ బూట్లు గుర్తుండే ఉంటాయి. ఇంట్లో సుఖంగా పెరిగిన కుక్క కాబట్టి దాని పాదాలు మెత్తన. బండి తోలే ఫ్రాంస్వా తన బూట్ల పైభాగం కోసి దానికి నాలుగు జోళ్ళు కుడతాడు. ఒక పొద్దున్న అతను మర్చిపోతే, బక్ వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళూ గాల్లో ఆడిస్తూ కదలనంటుంది. ఆ తర్వాత పాదాలు రాటుదేలాయి, జోళ్ళు పారేశారు. చిన్నప్పుడు చదివి నవ్వుకున్న ఘట్టం ఇది. ఇప్పుడు చూస్తే ఫ్రాంస్వాది ప్రేమే అయినా, దాని వెనక ఒక లెక్క ఉంది. కుక్క కుంటితే టపా ఆగిపోతుంది.

1925 జనవరి చివర్లో అలాస్కాలోని నోమ్ ఊరికి కంఠసర్పి మందు చేరవేసినప్పుడూ అదే లెక్క. 20 మంది బండివాళ్ళు, సుమారు 150 కుక్కలు, చేతులు మార్చుకుంటూ 674 మైళ్ళు. అయిదున్నర రోజుల్లో చేరారు. ఆ దారి జ్ఞాపకంగా కూడా చెప్పుకునే ఇడిటరాడ్ పందెం 1973 నుంచి జరుగుతోంది. అందులో ప్రతి కుక్కకీ ఎనిమిది జోళ్ళు, కాళ్ళకో బండిలోనో, ఉండి తీరాలన్నది నియమం. గుడ్డ సంచి, పైన ఒక వెల్‌క్రో పట్టీ, అంతే. అరిగితే పారేసి కొత్తది వేస్తారు. ఒక జట్టుకి వెయ్యికి పైగా ఖర్చవుతాయి.

మన దేశానికీ ఈ కథలో ఒక చోటు ఉంది. కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువానికి పొట్టి గుర్రాలు పట్టుకెళ్ళాడు. 1911లో మొదటి ప్రయాణంలో వాటికి వేసే మంచు జోళ్ళని, ఒక్క సెట్టు తప్ప, స్థావరంలోనే వదిలేశారు. ఆ ఒక్క సెట్టూ వేసిన గుర్రం, అప్పటిదాకా పొట్టదాకా కూరుకుపోతున్నది, చకచకా నడిచింది. మరుసటి ఏడు భారత ప్రభుత్వం హిమాలయ దారులకి అలవాటుపడ్డ ఏడు కంచరగాడిదల్ని పంపింది. సిమ్లాలో తర్ఫీదు ఇచ్చి, మంచు జోళ్ళు, కళ్ళకి రంగుటద్దాలు సమకూర్చి మరీ పంపారు. వాటి పేర్లు చూడండి: లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణీ, అబ్దుల్లా, ప్యారీ, ఖాన్ సాహెబ్. 1912 నవంబరు 12న స్కాట్ గుడారాన్నీ, అందులో మూడు శవాల్నీ కనుక్కున్న బృందంతో నడిచింది ఇవే.

ఇదే పాదం గురించి తిరగేసిన కథ కూడా ఉంది. ఇంగ్లండులో 1217 నాటి అడవి శాసనం ప్రకారం, రాజుగారి అడవుల పక్కన ఉండే జనం పెంచుకునే కుక్కల ముందరి పాదానికి మూడు వేళ్ళు నరికేసేవారు. అవి రాజుగారి జింకల్ని తరమకూడదని. యజమాని ఒప్పుకోకపోతే మూడు షిల్లింగుల జరిమానా. పాదాన్ని కాపాడినా, నరికినా నిర్ణయించింది దాని పరుగు ఎవరికి కావాలి అన్నదే.

ఇది చదువుతున్నప్పుడు మా ఊరి ఎద్దులు గుర్తొచ్చాయి. తారు రోడ్డు మీద బండి లాగాలంటే ఎద్దుకి నాడాలు కొట్టించాల్సిందే. తాడుతో పడగొట్టి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టి, చీలిన గిట్టకి రెండు రేకులు చొప్పున మేకులు దిగ్గొట్టేవారు. తాత ఆ పక్కనే ఉత్తికాళ్ళతో నిలబడి, ఎద్దు తల నిమురుతూ ఉండేవాడు. ఎద్దు కుంటితే సాగు ఆగిపోతుంది, నాడాలకి డబ్బు ఎలాగో పుడుతుంది. తాత కాలికి తుమ్మముల్లు దిగితే పిన్నీసుతో తీసేసి పనికి పోయేవాడు. ఫ్రాంస్వా లెక్కే మా ఊళ్ళోనూ. అమ్మ మాటకి అసలు జవాబు ఇదనుకుంటాను. మనిషి పాదం చౌక.

మరి జీడి ఏ బండీ లాగదు కదా, దానికెందుకు? ఇక్కడికొస్తే ఉప్పు. అమెరికాలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లడం న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 1938లో ప్రయోగంగా మొదలైంది. ఇప్పుడు దేశమంతా కలిపి ఏడాదికి సుమారు రెండు కోట్ల టన్నులు చల్లుతారు. బాగా చలి ముదిరితే మామూలు ఉప్పు పనిచేయదు, కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. అది నీళ్ళలో కరిగేటప్పుడు వేడి పుట్టిస్తుంది. ఆ పలుకులు వేళ్ళ సందుల్లో ఇరుక్కుంటే చర్మం కాలుతుంది, కుక్క నాకితే కడుపు చెడుతుంది. అంటే ఇన్యూట్ జోడు ప్రకృతి నుంచి కాపాడితే, మా జోడు మేం చల్లిన దాని నుంచే కాపాడుతోంది. నా కారు జారకూడదని వేసిన ఉప్పుకి, జీడి కాలికి నేను కడుతున్న పరిహారం అన్నమాట.

కాబట్టి పరిహారం సరిగ్గా కట్టాలి. మొదటిసారి నేను చూసి బాగున్నాయని కొన్న బూట్లు పది నిమిషాల్లో ఊడిపోయాయి. తర్వాత నేర్చుకున్నది ఇది. కుక్కని కాగితం మీద నిలబెట్టి, బరువంతా ఆ కాలి మీద పడేలా రెండో కాలు ఎత్తి, పాదం చుట్టూ గీత గీయాలి. బరువు పడితే పాదం విచ్చుకుంటుంది. ముందు పాదాలు వెనకవాటికంటే వెడల్పు, అందుకని రెండూ విడివిడిగా కొలవాలి. ముందే గోళ్ళు కత్తిరించాలి. పట్టీ మణికట్టు సన్నబడే చోట పడాలి, పక్కనుండే చిన్న గోరుని ఒరుసుకోకూడదు. లూజైతే ఊడుతుంది, బిగిస్తే రక్తం ఆడదు, ఆ నినోమియా చెప్పిన ఏర్పాటంతా వృథా. పరిగెత్తే కుక్కకి మందపాటి రబ్బరు అట్టకంటే వంగే అడుగు మేలు. వేళ్ళు నేలని పట్టుకోగలగాలి. కుక్కకి చెమట పట్టేది పాదాల్లోనే కాబట్టి ఇంటికి రాగానే విప్పి తుడవాలి. ముందు వారం ఇంట్లోనే అయిదేసి నిమిషాలు వేసి, తినడానికి ఏదన్నా పెడుతూ అలవాటు చేయాలి. ఉప్పులేని పార్కులో, మెత్తటి మంచులో నేను విప్పేస్తాను. అక్కడ దాని గోళ్ళు దానికే కావాలి.

మళ్ళీ ఆదివారం అమ్మకి ఈ ఉప్పు సంగతి చెప్పాను. ఈసారి నవ్వలేదు. “ఉప్పయితే మంటే కదరా,” అంది. మాకు నౌపడ దగ్గరే. తెల్లటి ఉప్పుమళ్ళలో ఉత్తికాళ్ళతో దిగి ఉప్పు లాగేవాళ్ళని చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి నేనూ చూశాను. అమ్మ దగ్గరగా చూసింది, వాళ్ళ మడమల పగుళ్ళు ఎలా ఉండేవో చెప్పింది. చెప్పి, కాసేపాగి అడిగింది:

“మరి అక్కడ ఆ ఉప్పు జల్లినోళ్ళకి ఉన్నాయేటి జోళ్ళు?”

ఉన్నాయన్నాను. లారీలో కూర్చుని చల్లుతారని, గుమ్మాల ముందు చల్లేవాళ్ళకి మోకాళ్ళదాకా బూట్లుంటాయని చెప్పాను.

“మంచిదే,” అంది. “ఆ యెనక కాలిది ఒంకరగుంది, సరిగా తొడుగు.”