ఇంజిన్ ఆయిల్ మార్పిడి: కిలోమీటర్ల లెక్క ఒక్కటే చాలదు

న్యూఢిల్లీ: తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్ నుంచి వికాస్ మార్గ్ మీదుగా యమున దాటి ఐటీఓ చేరే దూరం కొద్ది కిలోమీటర్లే. రద్దీ వేళల్లో ఆ కాస్త దూరమూ ఆగుతూ కదులుతూ మొదటి, రెండో గేర్లలోనే సాగుతుంది. ఓడోమీటర్ నెమ్మదిగా తిరుగుతుంది. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆయిల్ మార్చే గడువును లెక్కించేటప్పుడు చాలామంది మరచిపోయేది దీన్నే.

మినరల్ ఆయిల్‌ను సుమారు 5,000 కిలోమీటర్లకు, సింథటిక్‌ను 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు మార్చడం కార్ల విషయంలో వాడుకలో ఉన్న లెక్క. తుది మాట మాత్రం వాహన తయారీదారు ఇచ్చే యజమాని పుస్తకానిదే. రద్దీ, దుమ్ము, తక్కువ దూరపు ప్రయాణాలు వంటి కఠిన పరిస్థితులకు చాలా కంపెనీలు అందులో విడిగా తక్కువ గడువు సూచిస్తాయి. లక్ష్మీ నగర్ వాహనాలకు వర్తించేది సాధారణంగా ఆ గడువే.

గంటకు సగటున 15 కిలోమీటర్ల వేగంతో 5,000 కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ దాదాపు 333 గంటలు పనిచేసినట్లు. హైవేపై 60 కిలోమీటర్ల సగటు వేగంతో అదే దూరానికి 83 గంటలు చాలు.

సింథటిక్ ఆయిల్‌లో అణువులు ఒకే తీరుగా ఉండటం వల్ల అది వేడికి త్వరగా చెడదు, చలిలోనూ సులభంగా ప్రవహిస్తుంది. అయితే ఆయిల్‌లో చేరే మసి, తేమ, మండని ఇంధనం విషయంలో దానికి ప్రత్యేక రక్షణ లేదు. తక్కువ దూరపు ప్రయాణాల్లో, ముఖ్యంగా ఢిల్లీ చలికాలంలో, ఆయిల్ తగినంత వేడెక్కక తేమ అందులోనే నిలిచిపోతుంది. బీఎస్-6 డీజిల్ కార్లలో మసి వడపోత పరికరం శుభ్రపడే ప్రక్రియ మధ్యలో పదేపదే ఆగితే డీజిల్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. అందుకే డిప్‌స్టిక్‌పై మట్టం తగ్గడమే కాదు, పెరగడమూ హెచ్చరికే. రంగు నల్లబడటం మాత్రం, ముఖ్యంగా డీజిల్ ఇంజిన్లలో, సహజమే.

గేర్ల మోటార్‌సైకిళ్లకు కార్ల ఆయిల్ పోయడం పొరపాటు. వాటి క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కనుక జారిపోయే ప్రమాదం ఉంది. డబ్బాపై 'జాసో ఎంఏ' లేదా 'ఎంఏ2' గుర్తు చూసుకోవాలి.

వాడిన ఆయిల్ 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాల కోవలోకి వస్తుంది. షాదరా డ్రెయిన్ కలిసేది యమునలోనే. వీధి కాలువలో పారబోసిన నూనె దారి అటే. దాన్ని అధీకృత రీసైక్లర్లకు అందించే గ్యారేజీలోనే పని చేయించుకోవడం మేలు. ఖాళీ డబ్బాకు రంధ్రం చేయించి ఇవ్వాలి. లేకుంటే అది నకిలీ ఆయిల్‌తో నిండి మళ్లీ అంగడికి రావచ్చు.