కన్నది తొమ్మిది, దక్కింది నలుగురు

మా నాయనమ్మను ఎవరైనా "ఎంతమంది పిల్లలమ్మా?" అని అడిగితే ఒక అంకె చెప్పేది కాదు, రెండు చెప్పేది. "కన్నది తొమ్మిది, దక్కింది నలుగురు." దక్కినవాళ్ళలో ఆఖరివాడు మా చిన్నాన్న, పేరు పెంటయ్య. ఆయనకు ముందు ముగ్గురు వరసగా పోయారట. అంచేత ఈ బిడ్డను పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచి, మళ్ళీ తెచ్చుకుని ఆ పేరు పెట్టారు. పెంటమ్మ, పుల్లయ్య, పిచ్చయ్య - ఇలాంటి పేర్లు లేని ఊరు మనకెక్కడుంది చెప్పండి?

నాయనమ్మ చెప్పిన ఆ రెండు అంకెల మధ్య తేడా మీద ఒక పుస్తకమే రాసినాయన మన రాజమహేంద్రవరంలో పుట్టారు. ఆయనే డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్. పుట్టింది 1918లో. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకుని, అమెరికా వెళ్ళి, 1944లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మన దేశ జనాభా మీదే డాక్టరేటు పుచ్చుకున్నారు. తిరిగొచ్చాక పాఠాలు చెప్పారు, మద్రాసులో జనాభా అధ్యయన సంస్థ నడిపారు, 1957లో 'పాపులేషన్ రివ్యూ' అనే పత్రిక మొదలుపెట్టారు. రాసిన పుస్తకాలకేం, చాలానే ఉన్నాయి. నాకు ముఖ్యమనిపించింది మాత్రం 1959లో వచ్చిన 'ఇన్‌ఫంట్ మోర్టాలిటీ ఇన్ ఇండియా'. 1901 నుంచి 1955 దాకా ఏడాది నిండకుండా పోయిన పసివాళ్ళ లెక్క అది.

ఆ లెక్క తీయడం తేలిక కాదు. పల్లెల్లో జనన మరణాల రిజిస్టరు మునసబు దగ్గర ఉండేది. పేరైనా పెట్టకముందే పోయిన బిడ్డ సంగతి ఎవరు వెళ్ళి రాయించొస్తారు? బాలింత రాయించదు కదా. అలా రిజిస్టర్లకెక్కని పసివాళ్ళు పోగా మిగిలిన లెక్కే భయం పుట్టించేటట్టు ఉండేది.

పిల్లలు పోతున్నంత కాలం ఎక్కువమందిని కనడం ఆగదని జనాభా శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇద్దరు దక్కాలంటే అయిదుగురిని కనాలని తల్లి మనసులో ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పాలు తాగే బిడ్డ పోతే తల్లికి పాలివ్వడం ఆగిపోతుంది, తొందరగా మళ్ళీ నెల తప్పుతుంది. మా నాయనమ్మకు ఇదంతా ఎవరూ చెప్పనక్కర్లేదు లెండి, అనుభవించింది.

ఇంత తెలిసిన మనిషి 1967లో కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ మంత్రి అయ్యారు. అయ్యాక ఏం చేశారయ్యా అంటే, ముగ్గురు పిల్లలున్న మగవాళ్ళకు నిర్బంధంగా ఆపరేషన్ చెయ్యాలన్నారు! ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆపరేషన్ చేయించుకున్నవారికి ట్రాన్సిస్టర్ రేడియో బహుమతిగా ఇవ్వాలన్న మాట కూడా ఆయనదే. రేడియోలో మాట్లాడేదాన్ని గనక నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆకలితో ఉన్న ఇంటి ముందు బహుమతి పెట్టి "మీ ఇష్టమే" అంటే అది ఇష్టమవుతుందా?

ఆయన 1970లో పదవి వదిలారు. నిర్బంధం మాత్రం అత్యవసర పరిస్థితిలో నిజంగానే వచ్చింది. 1976-77 ఒక్క సంవత్సరంలో 82 లక్షల ఆపరేషన్లు జరిగాయి. ఆ పాపం ఆయన నెత్తిన వెయ్యను, అప్పుడు ఆయన మంత్రి కారు. కానీ ఆ మాట ముందే నోటితో అన్నవాళ్ళలో ఆయనా ఉన్నారని చెప్పకపోతే తప్పవుతుంది.

మేలు చెప్పకపోయినా తప్పే. గర్భస్రావం చేయించుకున్న ఆడదాన్ని జైలుకు పంపే చట్టం ఉన్న రోజుల్లో, దాన్ని సడలించాలని గట్టిగా వాదించారు. అలా సడలించిన చట్టం 1971లో వచ్చింది. 1981లో అనిబిసెంటు మీద పుస్తకం వేశారు. సంతాన నిరోధం గురించిన చిన్న పుస్తకం అచ్చువేసినందుకు ఆవిడను 1877లో లండన్‌లో కోర్టుకీడ్చారు, చివరకు కూతుర్ని కూడా ఆవిడ దగ్గర ఉంచలేదు. ఆ కథ తవ్వి తీశారు చంద్రశేఖర్. ఆయన 2001లో అమెరికాలో కన్నుమూశారు.

1971లో మన దేశంలో వెయ్యిమంది పసివాళ్ళు పుడితే ఏడాదిలోపు 129 మంది పోయేవారు. 2020కి అది 28కి దిగింది. తల్లికి సగటున అయిదుగురున్న పిల్లలు ఇద్దరయ్యారు. ఆయన 1959 పుస్తకం గెలిచిందని నేనంటాను, 1967 మాట కాదు.

ఇంకొక లెక్క కూడా చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 38 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. మన ఆంధ్రలో అయితే దాదాపు 70 మంది. భర్తకు ఆపరేషన్ అయిన ఇళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఒక్కటి కూడా లేవు. చంద్రశేఖర్ గారు ఆనాడు అడిగింది మగవాళ్ళను.