తపస్సు కాలం, శ్రమకాలం: లెంట్ చరిత్రలో మరుగున పడిన అర్థం

ఈస్టరుకు ముందు వచ్చే నలభై దినాల ఉపవాస కాలాన్ని తెలుగు కతోలికులు 'తపస్సు కాలం' అంటారు. ప్రొటెస్టెంటు సంఘాలలో 'శ్రమకాలం', 'శ్రమ దినాలు' అన్న మాటలు వాడుకలో ఉన్నాయి. గ్రీకు, లాటిను పేర్లు నలభై అన్న సంఖ్యను మాత్రమే చెబుతాయి. ఇంగ్లీషు 'లెంట్' వసంత రుతువును సూచించే పాత మాట. తెలుగు పేర్లు సంఖ్యనూ రుతువునూ విడిచి అర్థాన్ని పట్టుకున్నాయి. మొదటిది విశ్వాసి చేసే సాధనను చెబుతుంది, రెండవది క్రీస్తు పొందిన బాధను. అయితే ఈ ఆచారం రూపుదిద్దుకొన్న శతాబ్దాలలో ప్రధానమైన మరొక అర్థం ఈ రెంటిలోనూ వినిపించదు.

అది జ్ఞానస్నానానికి సిద్ధపడటం. 325 నాటి నైసియా మహాసభ ఐదవ నిబంధన నలభై దినాలను ప్రస్తావిస్తుంది గాని, వాటిలో ఏం జరిగేదో చెప్పదు. ఆ లోటును తీర్చేది ఎగేరియా అనే యాత్రికురాలి వృత్తాంతం. నాలుగవ శతాబ్దం చివర యెరూషలేమును దర్శించి ఆమె రాసిన ఈ రచన 1884లో ఇటలీలోని అరెజ్జోలో బయటపడింది. జ్ఞానస్నానం కోరి పేరు నమోదు చేసుకొన్న ప్రతివారి గురించీ బిషప్పు ఇరుగుపొరుగును విచారించేవాడని ఆమె రాసింది. తల్లిదండ్రులను గౌరవిస్తాడా, తాగుబోతా, అబద్ధాలాడతాడా అన్నవే ప్రశ్నలు. దోషం కనిపిస్తే దిద్దుకొని రమ్మని పంపేవాడు. నిలిచినవారికి రోజుకు మూడు గంటల బోధ. ఆ దినాలలో ఉపవాసం సంఘమంతటిదీ. విశ్వాసానికి సాక్ష్యం పొరుగువాడి నోటి నుంచి రావలసి ఉండటం గమనార్హం. నేటి ఉపవాస చర్చలలో ఈ సంగతి దాదాపు కనిపించదు.

శిశువులకు జ్ఞానస్నానమివ్వటం సాధారణమయ్యాక ఈ ఏర్పాటు సడలింది. బహిరంగ పశ్చాత్తాపులకు విధించిన చిహ్నాలు క్రమంగా అందరివీ అయ్యాయి. 1091లో బెనెవెంతో సభ విశ్వాసులందరూ విభూది ధరించాలని నిర్దేశించింది. 'తపస్సు కాలం', 'విభూది బుధవారం' అన్న తెలుగు మాటలు ఈ మధ్యయుగపు రూపానికే సరిపోతాయి. తమిళ 'తవక్కాలం' కూడా అంతే. రెండవ వాటికన్ మహాసభ 1963లో జ్ఞానస్నానాన్నీ పశ్చాత్తాపాన్నీ ఈ కాలానికి జంట లక్షణాలుగా మళ్లీ పేర్కొన్నా, తెలుగు పేరు మారలేదు.

లెంట్ పాటించని సంఘమొకటి తెలుగు నేలపై ఆ పాత అర్థానికి దగ్గరగా వచ్చింది. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జె.ఇ. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు నిలిపివేశాడు. కూలి కోసం, కూటి కోసం చేరారన్న మాట రాకూడదన్నది అతని ఉద్దేశం. అడిగినవారు, ముఖ్యంగా మాదిగలు, నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. ఈ నిరీక్షణను మిషనరీ జాగ్రత్తగానే చూడటం చాలదు. తమ విశ్వాసాన్ని శంకించే ఊరి ఎదుట వారు నిలబడిన కాలం కూడా అదే. సహాయక పనులు ముగిశాక, 3 జూలై 1878న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ యేటి ఈస్టరు ఏప్రిల్ 21నే వెళ్లిపోయింది.