మొగలాయి కథకుడు, గోలకొండ సంపాదకుడు: సురవరం ప్రతాపరెడ్డిగారు

సోలాపురము తూర్పు భాగమున కొంతం చౌకు పరిసరములలో నివసించు తెలుగువారికి "మొగలాయి" యను మాట క్రొత్తది కాదు. సోలాపురము బొంబాయి రాజధానిలో నున్న కాలమున, తూర్పు సరిహద్దున కావల నున్న నైజాము రాజ్యమును మరాఠీవారు మొగలాయి యని పిలిచెడివారు. 1877లో ఇచ్చట నూలుమిల్లు స్థాపితమైన పిదప, పనిని వెదకికొనుచు తెలంగాణపు పల్లెలనుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు ఆ మొగలాయిని విడిచి వచ్చినవే. వారు మగ్గముతోపాటు భాషను వెంట తెచ్చుకొనిరి. వెట్టిని, మామూళ్లను మాత్రము వెనుక విడిచి వచ్చిరి.

అట్లు విడిచి వచ్చిన రాజ్యముననే నిలిచి, తెలుగున పత్రిక నడపి, ఆ రాజ్యపు పాలననే హాస్యకథలుగా చెప్పిన వారు సురవరం ప్రతాపరెడ్డిగారు. ఆ కథల కాయన పెట్టిన పేరు "మొగలాయి కథలు". అధికారము తనది కాని చోట ఒక భాష యెట్లు నిలువవలెనో తెలిసికొనగోరువారికి ఆయన జీవితము గొప్ప పాఠము. సోలాపురపు తెలుగువారికి ఈ ప్రశ్న దూరపుది కాదు.

భాషకు జరిగిన అవమానము

నైజాము రాజ్యమున 16 జిల్లాలు. వానిలో 8 తెలుగువి, 5 మరాఠీవి, 3 కన్నడమువి. జనులలో సుమారు సగము మంది తెలుగువారు. అయినను కచ్చేరీభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు ఉర్దూయే. తెలుగు మాతృభాషగా గల బాలుడు తన భాషను చదువుకొనవలెనన్న ఖానిగీ బడియో, వీథిబడియో శరణ్యము.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనీ నాటకశాలలో మహర్షి కర్వేగారి అధ్యక్షతను సంఘసంస్కారసభ జరిగెను. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను శ్రద్ధగా వినిన సభికులు, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడ నారంభింపగనే అల్లరి చేసి ఆయనను మాటాడనీయరైరి. ఆ సభలోని తెలుగువారి మనసు గాయపడెను. ఆ గాయమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. అల్లరి చేసినవారిలో మరాఠీ సోదరు లుండుటయు, సభాధ్యక్షుడు పూజ్యుడైన మహారాష్ట్ర సంస్కర్తయై యుండుటయు చరిత్రలోని విచిత్రము. తమ భాషకు గౌరవము కోరువారు పరుల భాషకును దాని నీయవలెనని ఈ సంఘటన నేటికిని బోధించును.

పత్రికాస్థాపనము

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీని జన్మించిరి. వారి స్వగ్రామము గద్వాల సంస్థానములోని ఇటికాలపాడు. మద్రాసున ఉన్నతవిద్య ముగించి, న్యాయశాస్త్రపట్టము పొంది, న్యాయవాదవృత్తిని చేపట్టిరి. సంస్కృతము, తెలుగు, ఉర్దూ, పారసీకము, ఇంగ్లీషు అను నైదు భాషల పరిచయము వారికి కలదు. రాజభాషయైన ఉర్దూను ద్వేషింపక, దానిని చక్కగా నేర్చి, తెలుగున పనిచేయుట వారి మార్గము.

1922లో నల్లగొండనుండి "నీలగిరి", ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తినుండి "తెనుగు" అను పత్రికలు వెలువడినవి. రెండును స్వల్పకాలమే నడచినవి. రాజధానిలో తెలుగున కొక నిలుకడ గల పత్రిక లేదు. 1926 మే 10వ తేదీని "గోలకొండ పత్రిక" ఆ కొరత తీర్చెను. అది వారమునకు రెండుమారులు వెలువడెడిది. కొనువారు కొద్దిమంది, చందా చెల్లించువారు మరింత కొద్దిమంది. ప్రతాపరెడ్డిగారే వార్తలు కూర్చి, వ్యాసములు వ్రాసి, అచ్చుచిత్తులు దిద్ది, పలు మారుపేర్లతో పుటలు నింపిరి. సంపాదకుడే గుమాస్తాయైన పత్రిక యది.

సూక్తుల చాటున సంపాదకీయము

పత్రిక బలపడిన కొలది ప్రభుత్వపు కన్ను దానిపై పడినది. ఆ రాజ్యమున బహిరంగసభ జరుపుటకు "గస్తీ నిషాన్ 53" అను ఉత్తరువు ప్రకారము ముందుగా అనుమతి పొందవలెను. పత్రిక విషయమునను అట్టి కట్టుబాటే వచ్చినది. సంపాదకీయములను అధికారులకు చూపి, అనుమతి పొందిన పిదపనే అచ్చువేయవలెనని ఆంక్ష విధింపబడినది.

ఇట్టి సమయమున సంపాదకునికి సాధారణముగా రెండు దారులు కనబడును. లొంగిపోయి అధికారి కిష్టమైనది వ్రాయుట యొకటి; పత్రికను మూసివేయుట రెండవది. ప్రతాపరెడ్డిగారు మూడవ దారి త్రొక్కిరి. ప్రపంచములోని మహామేధావులు స్వాతంత్ర్యమును గూర్చియు, న్యాయమును గూర్చియు పలికిన సూక్తులను ఏరి కూర్చి సంపాదకీయపు స్థానమున ప్రచురించిరి. అందు సంపాదకుని వాక్య మొక్కటియు లేదు. ఏ వాక్యమును తప్పుపట్టవలెను? మహాత్ముల మాటలను నేరమనుటకు ఏ అధికారికిని నోరాడదు. ఇక పాఠకుడా, ఆ సూక్తి నేడీ పుటలో ఎందుకు పడినదో ఇట్టే గ్రహించెను. అనుమతి తప్పించుకొనిన సంపాదకీయమే ఆ సూక్తి.

ఇది వినోదముగా తోచవచ్చును గాని, ఆ కాలమున సంపాదకత్వము ప్రాణాపాయముతో కూడిన వృత్తి. 1948 ఆగస్టులో ఒక రాత్రి "ఇమ్రోజ్" అను ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖానును దుండగులు హైదరాబాదు వీథిలో కాల్చి, ఆయన చేతిని నరికివేసిరి. ఆ యువకుడు హైదరాబాదు భారతదేశమున కలియవలెనని వ్రాసినాడు. అదియే ఆయన నేరము. కలమును పట్టు చేతిని నరుకుటలోని భావము స్పష్టము. ఆ నగరముననే ప్రతాపరెడ్డిగారు రెండు దశాబ్దులకు పైగా కలము పట్టిరి.

"పూజ్యము"నకు జవాబు

నైజాము రాజ్యమున తెలుగు కవులు "పూజ్యము" అని ఒక పండితుడు వ్రాసెను. పూజ్యమనగా సున్న. ఆ మాటకే పూజింపదగిన దను అర్థమును కలదు. కోపముతో ఖండనవ్యాసములు వ్రాయువా రనేకు లుందురు. ప్రతాపరెడ్డిగారు వివాదమున దిగక, లెక్క సేకరింప బూనిరి. పల్లెపల్లెకు జాబులు వ్రాసి, కవుల వివరములను, పద్యములను రప్పించి, 1934లో "గోలకొండ కవుల సంచిక"ను ప్రకటించిరి. అందు 354 మంది కవులు చోటుచేసికొనిరి. సున్న యన్న చోట మూడువందల ఏబదినాలుగు! ఆ పండితుని మాటకు రెండవ అర్థమే నిజమని తేలినది. ప్రత్యర్థిని పల్లెత్తు మాట యనకుండ అంకెతో నవ్వించిన వ్యంగ్య మిది.

మొగలాయి కథలు

"మొగలాయి కథలు"లోని వస్తువు పాఠకుల కందరకు అనుభవసిద్ధమైనదే. ఆనాడు అధికారి దౌరా వచ్చెనన్న గ్రామమున గుండె దడ మొదలయ్యెడిది. కుమ్మరి కుండలు, గొల్ల పాలు మేకలు, గౌడు కల్లు, సాలె గుడ్డలు ఉచితముగా అర్పింపవలెను. దీనినే వెట్టి యనిరి. సోలాపురపు పద్మశాలి కుటుంబములలో తాతముత్తాతల కాలపు కథలుగా వినవచ్చునవియు నిట్టివే. మగ్గముపై నేసిన గుడ్డకు వెల లేని ఊరిని విడిచి, వెల దొరకు ఊరికి నేతగాడు వచ్చినాడు.

ప్రతాపరెడ్డిగారి హాస్యకథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది "గ్యారా కద్దూ బారా కొత్వాల్". పదునొకండు గుమ్మడికాయలు, పన్నిద్దరు కొత్వాళ్లు అని దాని అర్థము. ఈ శీర్షికయే ఒక పరిపాలనాశాస్త్రము. కాయలకంటె కొత్వాళ్లు ఒకరు ఎక్కువ. ప్రతి అధికారియు తలకొకటి పుచ్చుకొన్నచో రైతునకు మిగులునది శూన్యము; పైగా పన్నెండవ వానికి బాకీ. కష్టించువాని సొత్తును మించి గుంజువారి సంఖ్య పెరిగినపుడు ఏ రాజ్యమైనను నిలువజాలదని ఆర్థికవేత్త పెక్కు పుటలలో చెప్పదగిన విషయమును ఉర్దూ మాటలు నాలుగింటిలో చెప్పినారు. పాలకుల భాషలోని పలుకుబడినే గ్రహించి పాలకులపై ప్రయోగించుట ఇందలి చమత్కారము. ఇందు ఎగతాళికి గురియైనది మతము కాదు, భాష కాదు. మామూలు పుచ్చుకొను చేయి.

ఇందుకు తార్కాణము ఆయన జీవితముననే కలదు. హైదరాబాదు నగర కొత్వాలుగా నుండిన రాజాబహద్దూరు వెంకటరామారెడ్డిగారు రెడ్డి విద్యార్థి వసతిగృహమును పోషించిన విద్యాదాత. ఆ వసతిగృహ కార్యదర్శిగా ప్రతాపరెడ్డిగారు పనిచేసిరి. ఆ కొత్వాలు జీవితచరిత్రమును గౌరవముతో వ్రాసిరి. పన్నిద్దరు కొత్వాళ్లను పరిహసించిన కలమే మంచి కొత్వాలును మెచ్చుకొన్నది. వ్యంగ్యమునకు ద్వేషమునకు గల భేదము తెలిసిన రచయిత మాత్రమే ఇట్లు చేయగలడు.

నవ్వునుండి చరిత్రకు

1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించిరి. 1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" ఆయన కీర్తికి శిఖరము. రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, జనుల తిండి, బట్ట, ఆట, పాట, వర్తకము, మూఢనమ్మకములు మొదలగువానిని చరిత్రగా చెప్పిన గ్రంథ మిది. దీనికి ఆయన వెదకిన ఆధారములలో క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి, వేమన పద్యములు ముఖ్యములు. వీనిలో పెక్కింటిని పండితులు హాస్యమనియో, శృంగారమనియో, చాటువనియో చరిత్రకు పనికిరానివిగా నెంచిరి. నవ్వించు రచనలో సంఘము ముసుగు లేక కనబడునని హాస్యకథకుడైన ఈ చరిత్రకారునికి తెలియును. ప్రబంధములోని రాజు అన్ని కాలములలో ఒక్కటే; క్రీడాభిరామములోని ఓరుగల్లు వీథి మాత్రము కాకతీయులనాటి వీథియే. పత్రికాసంపాదకుడు దినదినము జనుల జీవితమును చూచెడివాడు గనుక, ఆ చూపునే గతముపై ప్రసరింపజేసినాడు.

ఆయన మరాఠీ సంస్కృతికిని దూరముగా లేరు. "భక్తతుకారాం" అను నాటకమును రచించిరి. విఠోబా పండరిపురము సోలాపురము జిల్లాలోనిదే యను సంగతి మనకు సంతోషకరము.

1951లో ప్రతాపరెడ్డిగారు "ప్రజావాణి" పత్రికను నెలకొల్పిరి. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీని కీర్తిశేషులైరి. 1955లో "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కు కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము లభించెను. తెలుగునకు వచ్చిన మొదటి బహుమాన మిదియే. దాని నందుకొనుటకు గ్రంథకర్త లేకపోయెను. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టు బిల్లు నామోదించినది. తెలుగున మాటాడిన వక్తను మాటాడనీయని నగరమున తెలుగు విశ్వవిద్యాలయము వెలసి, తెలుగు సంపాదకుని పేరు ధరించుటకు నూరేండ్లు పట్టినది.

ఉపసంహారము

ప్రతాపరెడ్డిగారి వృత్తాంతమునుండి తేలిన విషయ మొక్కటి. రాజ్యాధికారము అండగా లేని భాషకు రెండు రక్షణములు కలవు. మొదటిది, తనవారి పేర్లను తానే లెక్కించి వ్రాసి ఉంచుకొనుట. రెండవది, నవ్వగల శక్తిని పోగొట్టుకొనకుండుట. మొదటిదానికి గుర్తు గోలకొండ కవుల సంచిక. రెండవదానికి మొగలాయి కథలు.

సోలాపురమున తెలుగు మాధ్యమ పాఠశాలలు నేటికిని నడచుచున్నవి. కాని చద్దరు నేసిన చేతులలో కవిత్వము చెప్పిన చేతులెన్ని? సాంచాల చప్పుడు నడుమ పాటలు కట్టినవారు, భజనలు నడపినవారు, నాటకములాడినవారు, పిల్లలకు ఓనమాలు దిద్దించినవారు ఎందరు? వారి పేర్లు వృద్ధుల నోట మాత్రమే యున్నచో ఆ వృద్ధులతోనే అవి పోవును. అప్పుడెవరైన సోలాపురమున తెలుగు కవులు పూజ్యమని వ్రాసినచో, కోపించుటకు మనకు హక్కుండును గాని జవాబుండదు. ప్రతాపరెడ్డిగారు జాబులు వ్రాసి 354 మందిని వెదకిరి. కొంతం చౌకునుండి ఇంటింటికి నడచి వెదకుటకు జాబులైన అక్కరలేదు. సోలాపురపు తెలుగు కవుల సంచిక యొకటి వెలువడిననాడు ఆ సంపాదకుని ఋణము కొంత తీరును.