విమానపు దీపము - చుక్కల వెలుగు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో వెన్నెల లేని రాత్రి ఊరు దాటి పొలము గట్టున నిలుచున్నవారికి ఆకాశమున రెండు విధములైన వెలుగులు కనబడును. ఒకటి మినుకు మినుకుమను చుక్కలది. రెండవది చుక్కల నడుమ తిన్నగా సాగిపోవుచు, ఉండి యుండి తళుక్కుమను విమానపు దీపములది. ఇందు ఆశ్చర్యము లేదు. చెన్నై విమానాశ్రయము నుండి బెంగళూరు విమానాశ్రయమునకు పటముపై గీత గీచినచో అది పుంగనూరు, కుప్పముల నడుమ సాగును. 2008లో దేవనహళ్లి వద్ద తెరువబడిన ఆ విమానాశ్రయము ఈ మూడు పట్టణములకును 100 కిలోమీటర్ల లోపుననే యున్నది.

విమానములు క్షేమముగా తిరుగుటకు దీపములు కావలెను. చుక్కలు కనబడుటకు చీకటి కావలెను. ఈ రెండును పరస్పర విరోధులని మొదట తోచును. చరిత్రను చూచినచో సంగతి వేరని తెలియును.

విమానపు దీపముల భాష

విమానమునకు ఎడమ రెక్క కొనను ఎఱ్ఱదీపము, కుడి రెక్క కొనను పచ్చదీపము, తోకవద్ద తెల్లదీపము ఉండును. ఇది ఓడలనుండి వచ్చిన ఆచారము. రెక్కల దీపములు ఒక్కొక్కటి 110 డిగ్రీల మేరను, తోకదీపము 140 డిగ్రీల మేరను వెలుగునిచ్చును. మూడును కలిపిన 360 డిగ్రీలు. అనగా ఏ వైపునుండి చూచినను ఏదో ఒక దీపము కనబడవలసినదే. ఎఱుపు, ఆకుపచ్చ రెండును ఒక్కసారి కనబడినచో విమానము మనవైపే వచ్చుచున్నదన్నమాట. తెలుపు మాత్రమే కనబడినచో దూరముగా పోవుచున్నది. వీటికి తోడు, ఢీకొనకుండుటకై మెరయు దీపములు వేరుగా నుండును.

మంటలనుండి రాడారు వరకు

తొలిదినములలో వైమానికుడు పగలు నేలమీది రైలుపట్టాలను, నదులను గుర్తుపట్టి పోయెడివాడు. రాత్రి దారి చూపునదేది? 1921 ఫిబ్రవరిలో అమెరికాలో టపా విమానములను ఖండమునకు అడ్డముగా రాత్రింబవళ్లు నడిపి చూచిరి. జాక్ నైట్ అను వైమానికుడు చీకటిలో చికాగో చేరుటకు దారిపొడవున పల్లెప్రజలు వేసిన మంటలే సాయపడెను. 1923లో ఆ దేశమున దారివెంట స్తంభములపై తిరుగుడు దీపములు నెలకొల్పసాగిరి. అవి సుమారు 16 కిలోమీటర్లకు ఒకటి చొప్పున నుండెను.

మనదేశమున రాత్రి టపా విమానములు 1949 జనవరి 30న ఆరంభమైనవి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములనుండి బయలుదేరిన విమానములు నాగపూరున కలిసికొని, టపా సంచులను మార్చుకొని, తెల్లవారుసరికి తమ తమ నగరములకు చేరెడివి.

అయితే అప్పటికే నేలమీది దీపముల ప్రాముఖ్యము తగ్గుచుండెను. రేడియో దారి చూపసాగెను. తరువాత రాడారు వచ్చెను. కేవలము దీపములు చూచి తప్పించుకొనుట చాలదని 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద జరిగిన ఘోరప్రమాదము చాటినది. ఒక కజక్ విమానము తనకు నిర్ణయించిన 15,000 అడుగుల ఎత్తునకు దిగువకు వచ్చి, 14,000 అడుగులకు ఎక్కుచున్న సౌదీ విమానమును ఢీకొనెను. 349 మంది మరణించిరి. నాటి ఢిల్లీ రాడారు విమానమున్న చోటును చూపగలిగెనే కాని, దాని ఎత్తును చూపలేకపోయెను. విమానమే తన ఎత్తును తెలియజేయు రాడారు పద్ధతియు, ఎదుటి విమానమును ముందుగా పసిగట్టి హెచ్చరించు యంత్రమును ఆ తరువాత మనదేశమున తప్పనిసరియైనవి.

కనుక నేడు దారిలో నెగురుచున్న విమానమునకు క్రిందనున్న ఊరి దీపములతో పనిలేదు. అయినను ఊరి దీపములు ఏటేట పెరుగుచునే యున్నవి.

వేధశాలలు ఊరు విడిచిన కథ

1901లో నవాబు జాఫర్ జంగ్ హైదరాబాదున స్థాపించిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు చేరినది. అంతర్జాతీయ నక్షత్రపటమునకై అచ్చట 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రముల స్థానములను కొలిచిరి. ఆ బేగంపేటలోనే 1930 దశకమున విమానాశ్రయమును వెలసినది. నగరము పెరిగెను, రాత్రి ఆకాశము తెల్లబారెను. 48 అంగుళముల కొత్త దూరదర్శినిని అచ్చట నిలుపుటకు వీలులేక, దూరముననున్న జపాల్-రంగాపురమున 1968లో నెలకొల్పిరి.

నిజామియా వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడే వేణు బప్పు (1927-1982). హైదరాబాదున పెరిగిన ఈ శాస్త్రజ్ఞుడు చీకటి ఆకాశమును వెదకి, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు అను పల్లెను ఎన్నుకొనెను. అక్కడ 1968లో చిన్న దూరదర్శినితో పని మొదలయ్యెను. 1977లో యురేనస్ వలయముల జాడను పట్టుటలో ఈ వేధశాలకును పాలు గలదు. 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల దూరదర్శినికి బప్పు పేరే పెట్టిరి. కుప్పమునుండి కావలూరునకు తిన్నగా 60 కిలోమీటర్లు కూడ లేదు. రాష్ట్రములకు సరిహద్దు గలదు కాని వెలుగునకు లేదు. ఒక పట్టణపు కాంతి గాలిలోని ధూళికణములపై, తేమపై చెదరి, ఎన్నో మైళ్ల దూరపు ఆకాశమును గూడ మసకబార్చును.

ఏ దీపము దోషి?

విమానాశ్రయపు దారిదీపములు కావలసిన దిక్కునకే వెలుగు నిచ్చును. ఎత్తైన కట్టడములపై నుంచు ఎఱ్ఱదీపములు స్వల్పములు, అత్యవసరములు. ఆకాశమును చెరచునవి పైకి వెలుగు చిమ్ము వీధిదీపములు, ప్రకటన ఫలకముల దీపములు. అవి దిగివచ్చు వైమానికుని కన్నులను గూడ మిరుమిట్లు గొలిపి రన్‌వే దీపములను పోల్చుకొననీయకపోవచ్చును. చీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడుటకు అరగంట పట్టును. ఆ అలవాటును ఒక్క క్షణపు తీవ్రకాంతి చెరచును. ఇందు ఖగోళ శాస్త్రజ్ఞునకు, వైమానికునకు భేదము లేదు. దీపమునకు పైకప్పు తొడిగి వెలుగును నేలకు మళ్లించినచో వీధికి వెలుగు తగ్గదు, ఖర్చు తగ్గును, ఇద్దరికిని మేలగును.

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. శీతకాలపు రాత్రి, పల్లెలలో పిల్లలకోడి యని పిలుచు కృత్తికలలో ఎన్ని చుక్కలు కనబడుచున్నవో ఊరినడుమ ఒకసారి, ఊరివెలుపల ఒకసారి లెక్కించి వ్రాసికొనవలెను. మామూలు కంటికి చీకటిలో ఆరు కనబడును. ఏటేట ఇట్లే లెక్కించినచో తమ ఊరి ఆకాశము నిలిచినదో తరిగినదో ఆ పుస్తకమే చెప్పును. బేగంపేట పోగొట్టుకొన్న చీకటి కుప్పము, పుంగనూరు పల్లెలలో ఇంకను మిగిలియున్నది. దానిని కాపాడుటకు విమానపు దీపమొక్కటియు ఆర్పనక్కరలేదు.