పల్లమెరిగిన తోట

ఢిల్లీలో హుమాయూన్ సమాధి చూడవచ్చిన బృందాలు పడమటి దర్వాజా దాటీ దాటకముందే ఫోన్లు పైకెత్తుతాయి. అందరికీ కావలసింది గుమ్మటం. మంచి గైడయితే ముందు కాళ్ల దగ్గరకు చూడమంటాడు. ఇసుకరాతి బాట నడుమ సన్నని కాలువ. నీరు పారుతోందా, నిలిచి ఉందా అన్నది ఒక ఎండుటాకు వేస్తేగాని తేలదు. వాలు నలభై మీటర్లకు ఒక్క సెంటీమీటరు! మేస్త్రీ మట్టం చూడటంలో వెంట్రుకవాసి తేడా చేసినా నీరు మొండికేస్తుంది.

1570 ప్రాంతంలో తయారైన ఈ తోట పారశీక చార్‌బాగ్ పద్ధతిది. నాలుగు భాగాలు, ఒక్కో భాగంలో తొమ్మిది మడులు. మొత్తం ముప్పై ఆరింటిలో నడిమి నాలుగూ సమాధివే. తూర్పు గోడ పక్కనే అప్పట్లో యమున ప్రవహించేది. తర్వాత నది దూరం జరిగింది.

రాజ్యం సన్నగిల్లాక పూలమడుల్లో కూరగాయలు మొలిచాయి. 1857లో చివరి మొఘల్ పాదుషా బహదూర్ షా జఫర్ పట్టుబడింది ఈ ఆవరణలోనే. ఆపైన ఇంగ్లిష్ వారు చదరపు కొలనుల చోట గుండ్రటి పూలపాన్పులు పరిచారు. కర్జన్ హయాంలో మళ్లీ పాత నమూనాకే వచ్చారు. 1947లో దేశవిభజన శరణార్థులు ఇక్కడే కొన్నేళ్లు తలదాచుకున్నారు. అప్పుడే తోట పాడైందని గైడ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇల్లూ వాకిలీ పోయి వచ్చినవాళ్లు ఎండిన కొలనుల బాగోగులు చూడాలనడం మాత్రం అన్యాయం.

స్వాతంత్ర్య స్వర్ణోత్సవ కానుకగా ఆగాఖాన్ ట్రస్టు, పురావస్తు సర్వేక్షణ శాఖతో కలిసి 1997లో పని ఎత్తుకుంది. ముందు చేసింది మొక్కలు నాటడం కాదు, మట్టి తీయడం. శతాబ్దాలుగా పేరుకున్నది దాదాపు మూడు వేల లారీలు! అది పోయాకే అసలు మట్టం దొరికింది. కాలువల రాళ్లు తీసి మళ్లీ పరిచారు, పాత బావుల పూడిక తీశారు, వాన నీరు ఇంకేందుకు 128 గుంతలు తవ్వారు. మామిడి, నిమ్మ, వేప, మందార, మల్లె ఆ తర్వాతే. 2003లో తోట తెరిచారు. ఇంత పచ్చిక మాత్రం మొఘలుల అలవాటు కాదు, దొరల వారసత్వమే. ఫొటోల్లో బాగుంటుంది కాబట్టి ఎవరూ పేచీ పెట్టరు.

పక్కనే 1547 నాటి ఈసాఖాన్ సమాధి ఉంది. అక్కడా మట్టి తోడితే నేలమట్టానికి దిగువన ఒక తోట బయటపడింది.

ఇదే ట్రస్టు 2013లో గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల పని చేపట్టింది. ఆ ఏటి వానలకు అక్కడి బడీ బావి అనే మెట్లబావిలో ఒక పక్క గోడ కూలిపోయింది. రాయి రాయీ పేర్చి దాన్ని నిలబెట్టారు. 2022లో గోల్కొండ మెట్లబావులకు యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. బడీ బావిలో ఇప్పుడు వాన నీరు నిలుస్తోంది. చుట్టూ ఉన్న చెట్లకు అదే పెడుతున్నారు.