అంబాసిడర్‌లో పాయింట్లు పోయి మాడ్యూల్ వచ్చిన తీరు

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్‌బీ నగర్ మీదుగా విజయవాడ వెళ్లే రోడ్డు మీద ఒకప్పుడు అంబాసిడర్లదే రాజ్యం. సూర్యాపేటకు బయల్దేరిన కారు నడిదారిలో మిస్సింగ్ కొట్టి ఆగితే డ్రైవరు ముందు విప్పేది డిస్ట్రిబ్యూటర్ మూతనే. క్లిప్పులు తీసి, రోటర్ పక్కన పెట్టి, పాయింట్ల మధ్య సాండ్‌పేపర్ ముక్క దూర్చి గీకితే నల్లమసి పోయి లోహం మెరిసేది. ఫీలర్ గేజ్‌తో పదిహేను థౌ, అంటే 0.38 మిల్లీమీటర్ల సందు సరిచూసుకుంటే బండి మళ్లీ కదిలేది.

ఈ ఏర్పాటుకు ఆద్యుడు అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. ఆయన రూపొందించిన బ్యాటరీ-కాయిల్ ఇగ్నిషన్ 1910 మోడల్ కాడిలాక్ కార్లలోకి వచ్చింది. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ కాయిల్‌లో కరెంటు పారుతుంది. తెరుచుకోగానే ఆ కరెంటు తెగి వేల వోల్టులు పుడతాయి, ప్లగ్గులో నిప్పురవ్వ లేస్తుంది. పాయింట్ల దగ్గర మంట లేవకుండా కండెన్సర్ కాపు కాస్తుంది. ఎంతో తెలివైన ఏర్పాటే, కానీ పని భారమంతా ఆ చిన్న లోహపు ముక్కల మీదే. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పాయింట్లు 8,000 సార్లు తెరుచుకోవాలి. క్యామ్‌కు ఆనే ఫైబర్ మడమ అరిగేకొద్దీ సందు తగ్గి టైమింగ్ వెనక్కి జరుగుతుంది.

మన దేశంలో ఈ పాత పద్ధతి చాలాకాలం బతికింది. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్‌లో 1,489 సీసీ బ్రిటిష్ ఇంజను దశాబ్దాల తరబడి కొనసాగింది. మద్రాసు దగ్గర పాడిలో 1961లో పుట్టిన లూకాస్-టీవీఎస్ వల్ల ఇగ్నిషన్ సామాను ఇక్కడే దొరకసాగింది. విదేశాల్లో 1971లోనే జాగ్వార్ వీ12 ఇంజనుకు పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. 1973 మోడళ్ల నుంచి క్రైస్లర్ తన అమెరికన్ కార్లన్నిటికీ దాన్నే బిగించింది. ఇక్కడ మాత్రం పోటీ లేని మార్కెట్లో మార్పు అవసరమే కనబడలేదు. 1980 ప్రాంతంలో డీజిల్ అంబాసిడర్ రావడంతో టాక్సీలవాళ్లకు డిస్ట్రిబ్యూటర్ బెడదే తప్పింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక సొంత కార్లవాళ్లు అటు మళ్లారు. పాత పెట్రోలు బండిని ప్రేమతో అట్టిపెట్టుకున్నవాళ్లకే పాయింట్లు మిగిలాయి. ఎలక్ట్రానిక్ మార్పు వాళ్ల చేతుల మీదుగా ఆలస్యంగా జరిగింది.

పాయింట్ల బదులు బిగించే ఎలక్ట్రానిక్ కిట్లలో చాలావాటికి ఆధారం 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న సూత్రం. రోటర్ కింద నాలుగు అయస్కాంతాల రింగు, పాయింట్ల చోట సెన్సర్ ఉన్న చిన్న మాడ్యూల్, కాయిల్‌కు రెండు వైర్లు. ఒకదానికొకటి తగలవు కాబట్టి అరుగుదల లేదు. అంతా మూత లోపలే ఉంటుంది కాబట్టి బానెట్ ఎత్తినా కారు రూపం చెడదు. కారు అసలు రూపాన్ని కాపాడాలన్న పట్టుదల నాకూ ఉంది. అయినా ఈ మార్పుకు నా ఓటు వేస్తాను. ట్రాఫిక్‌లో ధైర్యంగా తిరగగలిగే పాత కారు షెడ్డులో పడి ఉన్న కారు కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. విప్పిన పాయింట్లను, కండెన్సర్‌ను డిక్కీలో దాచుకుంటే మళ్లీ పాత స్థితికి రావడం అరగంట పని.

జాగ్రత్తలూ ఉన్నాయి. అరవైల మధ్య దాకా చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ అయి ఉండేది. అది చూడకుండా వైర్లు కలిపితే మాడ్యూల్ అక్కడికక్కడే కాలిపోతుంది. ఇంజను ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేసినా కాయిల్, మాడ్యూల్ వేడెక్కి దెబ్బతినవచ్చు. వేగాన్ని బట్టి టైమింగ్ ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు, వాక్యూమ్ డబ్బా పాతవే ఉంటాయి. స్ప్రింగులు సాగిపోయి ఉంటే ఎంత ఖరీదైన కిట్ అయినా లాగుడు తెప్పించలేదు. అలాగే కిట్ కొనేముందు మూత తీసి డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును వేళ్లతో అటూ ఇటూ కదిపి చూడాలి. ఆడుతోందంటే ముందు లేత్ పనివాడి దగ్గర బుష్ మార్పించి, ఆ తర్వాతే మాడ్యూల్ బిగించాలి.